యంత్రమూ ప్రేమా: ‘న్యూరోమాన్సర్’ పై వొక పరిశీలన

విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ 1984లో వెలువడింది. సైబర్‌పంక్ అనే నవలాశాఖకు దీన్ని మూలస్తంభంగా చెప్పడం పరిపాటి. కంప్యూటర్ల లోకంలోకి మనస్సునే పంపి, కంపెనీల రహస్యాలు దొంగిలించే కేస్ అనే యువకుడి కథ యిది. పతనమౌతున్న బూర్జువా సంస్కృతికి యిదొక నమూనా, మనకెందుకని తోసిపుచ్చే మిత్రులున్నారు. రాబోయే కాలాన్ని ముందే చూసిన నవల అని నెత్తిన పెట్టుకునే విద్యార్థులూ వున్నారు. వుభయులదీ వొకే పొరపాటని నా అభిప్రాయం. వారు యంత్రాన్ని చూస్తున్నారు గాని, ఆ యంత్రం యెవరి చేతిలో వుందో చూడడం లేదు.

యీ నవలను గిబ్సన్ చేతి టైపురైటరు మీద కొట్టాడు. నవలలో కూడా పాత వస్తువులు చావలేదు. సారాకొట్టు నడిపే రాట్జ్‌కు వున్న కృత్రిమ హస్తం రష్యన్ సైన్యపు పాతరకం, కదిలితే మూలుగుతుంది. వింటర్‌మ్యూట్ అనే మహా యంత్రమేధ కేస్‌ను పలకరించేది ఇస్తాంబుల్ హోటల్లో డబ్బులు వేసి మాట్లాడే టెలిఫోనుల ద్వారా. అతను నడుస్తుంటే అవి వరుసగా, వొక్కొక్కటే మోగుతాయి. అతని ప్రియురాలు లిండా లీ అతని దగ్గర దొంగిలించింది మూడు మెగాబైట్ల మెమరీ. యివాళ వొక ఫోటోకే అది చాలకపోవచ్చు. చదివి నవ్వుకుంటాం. కాని ఆ కాస్త సరుకును అమ్ముకుని బతకాలనుకున్న పిల్ల చివరకు హత్యకు గురైందన్నప్పుడు నవ్వు ఆగిపోతుంది. యంత్రం పాతబడింది, దారిద్ర్యం పాతబడలేదు!

ఇక ప్రేమ సంగతి. కేస్ తన శరీరాన్ని వట్టి ‘మాంసం’ అని యీసడించుకుంటాడు. మాలీ అనే యువతి కిరాయికి పోరాడుతుంది. తన శరీరంలో ఆయుధాలు అమర్చుకోవడానికయ్యే డబ్బు కోసం ఆమె వొకప్పుడు వొళ్లు అమ్ముకుంది. ఆ సమయంలో స్పృహ లేకుండా చేసే యంత్రం తలలో వుండేది. కార్మికుడికి తన శ్రమ పరాయిదౌతుందని మనం చదువుకున్నాం. యిక్కడ దేహమే పరాయిదైంది. అయినా ఆ జ్ఞాపకాలు ఆమెలోకి కారుతూనే వచ్చాయి. యజమానులు తుడవదలచిన బాధను మనిషి దాచుకోగలదని యీ ఘట్టం చెబుతున్నది.

కేస్, మాలీ ప్రేమించుకుంటారు. వొక పరికరం ద్వారా అతను ఆమె కళ్లతో చూస్తాడు. ఆమె కాలు విరిగితే ఆ నొప్పి అనుభవిస్తాడు. యింతకన్నా సాన్నిహిత్యం యేముంటుంది? కాని అది వొకవైపు దారి. ఆమె పలకరిస్తుంది, అతను జవాబు చెప్పలేడు. అసలు ఆ పరికరం ప్రేమకోసం పెట్టింది కాదు, దోపిడీ సజావుగా సాగడానికి పెట్టింది. పని ముగిసింది, మాలీ చీటీ రాసిపెట్టి వెళ్లిపోయింది. వారిని కలిపింది కూలి, విడదీసిందీ కూలి ముగియడమే.

నవలకు ప్రాణమనదగిన ఘట్టం మరొకటి. న్యూరోమాన్సర్ అనే యంత్రమేధ చనిపోయిన లిండాను సముద్రతీరాన మళ్లీ నిలబెట్టి, యిక్కడే వుండిపొమ్మని కేస్‌ను ఆశపెడుతుంది. చావులేని ప్రేమ! అతను వెనక్కి తిరిగివస్తాడు. అతన్ని లాగేది యేమిటి? మేల్కమ్ అనే జయాన్‌వాసి వినిపించే డబ్ సంగీతం. భూమికి తిరిగిపోవడానికి నిరాకరించిన కార్మికులు ఆకాశంలో కట్టుకున్న కాలనీ ఆ జయాన్. యజమానుల యంత్రం మృతప్రేమను యిస్తే, శ్రామికుల పాట బతుకులోకి పిలిచింది.

రచయిత దీన్ని రాయగలిగాడు గాని, అర్థం చేసుకోలేదేమో ననిపిస్తుంది. జయాన్ వాళ్లు అతనికి వింత మనుషులు, సాయానికి వచ్చే పాత్రలు మాత్రమే. వారి సమష్టి జీవితాన్ని కథకు కేంద్రం చేసివుంటే, కేస్ చివరకు కొత్త కాలేయం కొనుక్కుని, మరో పని వెతుక్కుని, మళ్లీ పాత దారిలోనే తేలేవాడు కాదు. ప్రేమ నిలవాలంటే నిలవడానికి చోటు కావాలి. ఆ చోటు యీ నవలలో వొకే వొక్కటి వుంది, దాని పక్కనుంచే కథ వెళ్లిపోయింది. ఉపాధ్యాయ మిత్రులు యీ పుస్తకాన్ని విద్యార్థుల చేతినుంచి లాక్కోవద్దని నా మనవి. ఆ చోటు యెక్కడుందో చూపించి, మళ్లీ చదవమనాలి.