మసకంటే దూరమేనా?

ఈ వారం ఇందిరాపురంలో పొగమంచు దట్టంగా దిగింది. అహింసాఖండ్‌లో మా బాల్కనీలోంచి చూస్తే ఎదుటి టవర్ దీపాలే ఎర్రగా, మసగ్గా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో ఒక వీడియో. దూరపు సూపర్‌నోవాలు, అంటే పేలిపోయిన నక్షత్రాలు, అనుకున్నదానికన్నా మసగ్గా ఉన్నాయట, అంటే మరింత దూరంలో ఉన్నట్టేనట, కాబట్టి విశ్వం నానాటికీ వేగంగా విస్తరిస్తోందట. రెండు నిమిషాల్లో తేల్చిపారేశారు. ఒళ్లు మండింది. మా ఎదుటి టవర్ రాత్రికి రాత్రి గాజియాబాద్ దాటిపోయిందా?

కొలత అనగానే నేను రంగాపూర్ ఎత్తుకుంటానని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. 1968లో ఉస్మానియా వాళ్లు హైదరాబాద్‌కి దూరంగా, జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. కుర్రతనంలో ఒక రాత్రి అక్కడ కూర్చున్నాను. అద్భుతాలేవో చూపిస్తారనుకుంటే, వాళ్లు కావలసిన నక్షత్రం కాంతి కొలిచారు, పక్కనే కాంతి మారని ఇంకో నక్షత్రాన్ని కొలిచారు, ఆపైన ఖాళీ ఆకాశాన్ని కొలిచారు. మళ్లీ మొదటికి. తెల్లారేదాకా అదే పని. గాలిలో తెర పలచబడినా చిక్కబడినా రెండు నక్షత్రాలకీ ఒకటే దెబ్బ, వాటి మధ్య తేడా మాత్రం నిలుస్తుంది. ఇంత విసుగు పనా అనుకున్నాను. టీ మాత్రం బాగుంది.

అయితే ఈ ఉపాయం మన గాలి వరకే. సూపర్‌నోవా పేలిన గెలాక్సీలోనే ధూళి ఉంటే?

2014 జనవరిలో ఎం82 గెలాక్సీలో, సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, టైప్ 1ఎ సూపర్‌నోవా ఒకటి కనబడింది. దూరాలు కొలవడానికి వాడేది ఈ రకమే. లడఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున హాన్లేలో ఉన్న రెండు మీటర్ల చంద్ర టెలిస్కోపు దాన్ని వెంటాడింది. నడిపేవాళ్లు కూర్చునేది బెంగళూరు పక్కన హోస్కోటెలో. జి.సి. అనుపమ బృందం దాని వెలుగు ఎలా తగ్గుతోందో రాసుకుంటూ పోయింది. అది ముఖ్యం, ఎందుకంటే ఈ రకం సూపర్‌నోవాలన్నీ సమానంగా వెలగవు. బాగా వెలిగేవి నిదానంగా ఆరుతాయి. 1993లో మార్క్ ఫిలిప్స్ ఈ లెక్క కట్టాకే ఇవి కొలతకు పనికొచ్చాయి.

ఎం82 ధూళి ఆ వెలుగులో అయిదింట నాలుగు వంతులకు పైనే మింగేసింది. మసకని నమ్మి లెక్కవేస్తే దూరం రెండింతలు దాటేది. కానీ ధూళి నీలాన్ని ఎక్కువగా మింగుతుంది, ఎరుపుని వదిలేస్తుంది. రంగు చూస్తే దొరికిపోతుంది.

దూరపు సూపర్‌నోవాలను కొలిచి విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తేల్చిన పెర్ల్‌మటర్ బృందానికీ, ష్మిట్, రీస్‌ల బృందానికీ వచ్చిన అనుమానం అచ్చంగా నాదే. రంగులు కొలిచారు. దూరపువేమీ ఎక్కువ ఎర్రగా లేవు. 2011లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. వీడియో దారి చెప్పలేదు గానీ, చేరిన ఊరు సరైనదే.

ఇప్పుడు తగాదా వేరు. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ విస్తరణ వేగం సెకనుకు సుమారు 73 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుందని సూపర్‌నోవాల లెక్క. విశ్వం తొలినాటి కాంతి లెక్కలో అది 67. ఈ తేడాకీ ఎవరైనా ధూళినే అడ్డం పెడితే, ముందు రంగు చూపించమంటాను.