పాదుకి ఒక్క పిందె

ఒహాయోలో కొలంబస్‌కి దక్షిణాన ఉన్న చిన్న ఊరు సర్కిల్‌విల్. అక్టోబరు మూడో బుధవారం మొదలుకొని నాలుగు రోజులు అక్కడ గుమ్మడి సంబరం. 1903లో అప్పటి మేయర్ జార్జ్ హాస్‌వెల్ మొక్కజొన్న చొప్ప, గుమ్మడికాయలు పేర్చి పెట్టడంతో మొదలైంది. ఇప్పుడు ఊరి నడిబొడ్డు వీధులన్నీ గుమ్మడి డోనట్ల వాసనే. కొలంబస్‌లోని మనవాళ్ళు ఎవరడిగినా శనివారం దాకా ఆగకండి, బుధవారం సెలవు పెట్టి వెళ్ళండని చెప్తాను. పెద్ద కాయల తూకం ఆ రోజే.

1810లో ఈ ఊరిని మూలవాసుల గుండ్రటి మట్టికట్ట మీద, వలయాకారపు వీధులతో కట్టారు. తర్వాత ఆ గుండ్రమంతా చెరిపి చదరపు వీధులు చేసేశారు. ఆ కట్ట పోయిందంటే నాకు ఇప్పటికీ బాధే.

తూకానికొచ్చే ఆ పెద్ద కాయలు కాసేది అట్లాంటిక్ జెయింట్ రకం. ఏప్రిల్‌లో గింజని ఇంట్లోనే మొలకెత్తించి, మంచు భయం పోయాక నేలలో నాటుతారు. తీగ సాగేకొద్దీ కణుపులకి మన్ను కప్పుతారు, అక్కడా వేళ్ళు దిగాలని. పొద్దున్నే మగపువ్వు రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వుకి చేత్తో అద్దుతారు. ఆ తర్వాత పాదుకి ఒక్క పిందె ఉంచి, నవనవలాడే తక్కినవన్నీ గిల్లేస్తారు. పిందెకేసి వేలు చూపిస్తేనే కుళ్ళిపోతుందని మా అమ్మమ్మ కేకలేసేది. ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పని ఆ గిల్లడమేనని నా నమ్మకం. ఏది ఉంచాలో తెలియడానికి ఏళ్ళు పడుతుంది.

ఉంచిన పిందె ఆగస్టులో రోజుకి 15 కిలోలకి పైగా ఊరుతుంది. దానికి నీడగా గుడ్డ కప్పుతారు, అడుగున ఇసుక పోస్తారు. ఇంత చేసినా లోపలి డొల్ల దాకా పగులు పోయిందా, ఎంత బరువున్నా పోటీకి పనికిరాదు.

కాటా దగ్గర కాయని పట్టీలతో పైకెత్తుతారు. 500 కిలోలు దాటిన కాయ గుండ్రంగా ఉండదు, తడిపిన పిండిముద్దలా ఒక పక్కకి జారి ఉంటుంది. పగులుందేమోనని అడుగుభాగాన్ని తడిమి చూస్తుంటే పెంచిన మనిషి ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఆ కాసేపటి కోసమే నేను వెళ్తాను.

గెలిచిన కాయ గింజలకి బరువు, పెంచినవాళ్ళ ఇంటిపేరు, ఏడాది కలిపి పేరు పెడతారు. మరుసటి ఏడాది తమతో పోటీకి దిగేవాళ్ళు అడిగినా ఆ గింజలు పంచేవాళ్ళున్నారు.