‘స్థిర’ శబ్దం – రెండు అర్థాలు: ఉష్ణ సమీకరణ వివరణపై పరిభాషా విమర్శ

శాస్త్రవచనాన్ని సాహిత్యవిమర్శ సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. అయితే ఒకే పదం రెండు భావాలను మోసినప్పుడు దెబ్బతినేది అర్థమే కనుక, ఆ వచనమూ విమర్శకు లోబడవలసిందే. ఏకపరిమాణ ఉష్ణ సమీకరణాన్ని తెలుగులో వివరించేటప్పుడు ‘స్థిర’ అనే విశేషణం తెచ్చే చిక్కును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే 1807లో సమర్పించిన పత్రంలోను, 1822లో ప్రచురించిన గ్రంథంలోను ఉష్ణవహనాన్ని సమీకరణ రూపంలో నిరూపించాడు. పక్కల నుంచి వేడి బయటకు పోని ఒక సన్నని లోహపు కడ్డీని ఊహిద్దాం. దాని ఒక కొనను 0 డిగ్రీల వద్ద, మరొక కొనను 100 డిగ్రీల వద్ద ఎల్లప్పుడూ నిలిపి ఉంచితే అవి ‘స్థిర సరిహద్దు నిబంధనలు’. చాలాకాలం గడిచాక ఉష్ణోగ్రత ఒక కొన నుంచి మరో కొనకు సరళరేఖలా పెరుగుతుంది. నడుమ 50 డిగ్రీలు ఉంటుంది. ఇది ‘స్థిర స్థితి’. మొదటి స్థిరత్వం బయటి నుంచి విధించినది; రెండవది కడ్డీ కాలక్రమంలో చేరుకొనేది. ఒకే విశేషణం రెండింటికీ చెల్లడంతో, కొనలు స్థిరమైతే కడ్డీ అంతా స్థిరమేనన్న భ్రాంతి కలుగుతుంది. అప్పుడు సాధించవలసిన సమస్యే కనుమరుగవుతుంది.

సాధన పద్ధతి మొత్తం ఈ భేదంపైనే ఆధారపడింది. కడ్డీ ఉష్ణోగ్రత నుంచి ఆ సరళరేఖను తీసివేస్తే, మిగిలిన భాగం విలువ రెండు కొనల వద్దా సున్నా. స్థలాన్ని, కాలాన్ని వేరుచేసి చూస్తే ఆ భాగం సైను తరంగాల మొత్తంగా విడివడుతుంది. కడ్డీ పొడవులో ఒకటి, రెండు, మూడు అర్ధతరంగాలు ఇమిడిన అంశాల క్షయవేగాలు 1, 4, 9 నిష్పత్తిలో ఉంటాయి. మొదటిది సగమయ్యే వేళకు రెండవది 16వ వంతుకు, మూడవది 512వ వంతుకు తగ్గుతుంది. ఇలా అణగిపోయే భాగాన్ని ‘అస్థిరం’ అంటే, అది అదుపు తప్పేదన్న విపరీతార్థం వస్తుంది.

సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుందని వాదించవచ్చు. కాని సందర్భం విషయం తెలిసినవారికే తోడ్పడుతుంది; నేర్చుకొనేవారికి పదమే ఆధారం. నిలిచే భావానికి ‘స్థాయి’ అని, వచ్చిపోయే భావానికి ‘సంచారి’ అని ఆలంకారికులు వేర్వేరు ధాతువుల నుంచి పేర్లు ఏర్పరచుకొన్నారు. ఆ వివేకం ఇక్కడా అనుసరణీయం. విధించినదానికి ‘నియత హద్దు’, చేరుకొన్నదానికి ‘నిలకడ స్థితి’, నశించేదానికి ‘క్షీణాంశం’ అనే పదాలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. శాస్త్రాన్ని తెలుగులో చెప్పలేమన్న అభిప్రాయానికి ఇటువంటి పదసంకరం ఊతమిస్తుంది. దానిని తొలగించే బాధ్యతలో తెలుగు పరిశోధకులకూ భాగముంది.