వింత వేరు, వక్రత వేరు: ఉప్పల్–నాచారం పరిసరాల ఆధునిక వాస్తురూపాలపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: సంప్రదాయేతరమైన ఆధునిక కట్టడాలను మెచ్చుకునేటప్పుడు మనం వాడే మాటలు చాలా తక్కువ. కుంతకుని వక్రత, క్షేమేంద్రుని ఔచిత్యం అనే భావనల సాయంతో హైదరాబాదులోని మూడు కట్టడాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వక్రత, ఔచిత్యం, వాస్తుశిల్పం, చార్లెస్ కొరియా, ఇ.సి.ఐ.ఎల్., ఉప్పల్ స్కైవాక్.

1. ఉపోద్ఘాతం

నాచారంలో ఇంటీరియర్ డిజైనర్‌గా పనిచేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు తనకు నచ్చిన కట్టడాల ఛాయాచిత్రాలను ఒక్కొక్కటిగా చూపుతూ, ప్రతిదానికీ "వెరైటీగా ఉంది మేడమ్" అన్నాడు. వెరైటీ అంటే ఏమిటని అడిగితే, "ఇలాంటిది ఇంకెక్కడా చూడలేదు కదా" అన్నది అతని సమాధానం. ఇంకెక్కడా లేకపోవడమే గుణమవుతుందా? కావ్యం విషయంలో మన ఆలంకారికులు ఈ ప్రశ్నను వెయ్యేళ్ళ కిందటే చర్చించారు. కట్టడం విషయంలో మాత్రం తెలుగు విమర్శ దీనిని పెద్దగా పట్టించుకోలేదు. వాస్తు అనగానే మనవారి దృష్టి ఈశాన్యం మూల దగ్గరే ఆగిపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

కావ్యశాస్త్రాన్ని కట్టడానికి అన్వయించడం బలవంతపు సమన్వయం అనిపించవచ్చు. కానీ భరతుడు నాట్యశాస్త్రం రెండో అధ్యాయాన్ని నాట్యమండపానికే కేటాయించాడు. మండపం కొండగుహలా ఉండాలనీ, గాలి ఎక్కువగా చొరబడకూడదనీ, అప్పుడే నటుని కంఠం గంభీరంగా నిలుస్తుందనీ ఆయన చెప్పాడు. అక్కడ గుహారూపం కంటికి వింత గొలపడానికి వచ్చింది కాదు, చెవి అవసరం నుంచి పుట్టింది.

2. వక్రత, ఔచిత్యం

వక్రోక్తిజీవితంలో కుంతకుడు లోకప్రసిద్ధమైన వ్యవహారాన్ని అతిక్రమించే విచిత్రమైన ఉక్తినే వక్రత అన్నాడు. అయితే అతిక్రమణ ఒక్కటే చాలదు. అది సహృదయులకు ఆహ్లాదం కలిగించాలి, కవివ్యాపారంలో భాగమై రావాలి. ఔచిత్యాన్ని ఆయన కూడా గుణంగా లెక్కించాడు. క్షేమేంద్రుడు దానినే కావ్యానికి ప్రాణంగా నిలిపాడు. కాబట్టి వాడుకను దాటిన ప్రతి రూపమూ వక్రత కాదు. ఏ అవసరం వల్ల దాటిందన్నదే అసలు ప్రశ్న.

3. చేప కట్టడం

విద్యార్థి చూపినవాటిలో మొదటిది రాజేంద్రనగర్ వైపున్న జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం. 2012లో ప్రారంభమైన ఈ కట్టడం అచ్చంగా చేప ఆకారంలో ఉంటుంది. అమెరికా వాస్తుశిల్పి రాబర్ట్ వెంచురి, డెనిస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనూర్ 1972లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటి కట్టడాలను 'బాతు' అన్నారు. లాంగ్ ఐలాండ్‌లో బాతులు, గుడ్లు అమ్మడానికి 1931లో కట్టిన బాతు ఆకారపు దుకాణమే ఆ పేరుకు మూలం. మన పరిభాషలో ఇది కేవలం అభిధ. చేప అంటుంది, చేప అనే అర్థమే ఇస్తుంది, ధ్వనికి చోటు లేదు. పిల్లలు దాన్ని చూసి సంబరపడతారు. ఆ సంబరాన్ని నేను కాదనను. కానీ లోపల కూర్చుని దస్త్రాలు చూసే ఉద్యోగికి చేప ఆకారం వల్ల ఒరిగేదేమిటో తెలియదు.

4. ఇ.సి.ఐ.ఎల్. కార్యాలయం

అతని సేకరణలో లేనిది అతని ఇంటికి దగ్గరలోనే ఉంది. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా కొద్ది కిలోమీటర్లు పోతే ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. డాక్టర్ ఎ.ఎస్. రావు నాయకత్వంలో 1967లో ఏర్పడిన ఆ సంస్థ పరిపాలనా కార్యాలయానికి చార్లెస్ కొరియా రూపకల్పన చేశారు (1965–68). కొరియా 1930లో పుట్టింది సికింద్రాబాదులోనే. ప్రాంగణంలోకి బయటివారికి ప్రవేశం ఉండదు కనుక ఈ పరిశీలనకు ఆధారం ప్రచురితమైన నమూనాలు, ఛాయాచిత్రాలే.

ఎయిర్ కండిషనింగ్ మీద ఆధారపడకుండా కట్టడమే తన చల్లదనాన్ని తాను సమకూర్చుకోవాలన్నది కొరియా సంకల్పం. అందుకు పనిచేసే గదుల మధ్య ఆకాశానికి తెరుచుకునే ఆవరణను ఉంచారు. బయటి గోడ కిందికి వచ్చేకొద్దీ లోపలికి జరుగుతుంది. దాంతో పై అంతస్తే కింది అంతస్తుకు చూరు అవుతుంది. డాబా మీద పెద్ద పందిరి, దాని కింద పలుచని నీటిపొర. మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో ఈ మూడింటి ప్రయోజనం వివరించనక్కరలేదు.

ఇది 1960ల నాటి కాంక్రీటు కట్టడం. చూపుకు మండువా లోగిలిలా ఉండదు, ఆ పోలిక కోసం ప్రయత్నించదు కూడా. అయినా మండువా లోగిలి చేసే పనే చేస్తుంది. పెంకులు, దూలాలు, స్తంభాలు అనే వాచ్యాన్ని వదిలి, నడిమి వాకిలి, చూరు, నీడ అనే వ్యంగ్యాన్ని నిలుపుకొంది. లోనికి జరిగే గోడ వైచిత్ర్యమే, కానీ దాన్ని జరిపింది సూర్యుడు. 'రూపం వాతావరణాన్ని అనుసరిస్తుంది' అనే అర్థం వచ్చే శీర్షికతో కొరియా తరువాత వ్యాసం రాశారు. ఆ సూత్రాన్ని ఇక్కడ ముందే ఆచరించి చూపారు. కుంతకుని మాటల్లో ఇది ప్రబంధవక్రత. ఏదో ఒక పదాన్ని చమత్కరించడం కాదు, మొత్తం కట్టుబడిలోనే వక్రత ఉంది.

పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దాలు బిగించి, లోపల రోజంతా ఏసీ నడిపే కొత్త వాణిజ్య భవనాలను 'ఆధునికం' అని మెచ్చుకునేవారు ఈ కట్టడాన్ని 'పాతది' అంటారు. ఆ మెప్పు ఖరీదు చివరికి కరెంటు బిల్లులో తేలుతుంది.

5. ఉప్పల్ వలయం

ఉప్పల్ కూడలిలో హెచ్.ఎం.డి.ఎ. నిర్మించిన స్కైవాక్ 2023 జూన్‌లో ప్రారంభమైంది. సుమారు 660 మీటర్ల ఈ వలయం మెట్రో స్టేషనునూ, వరంగల్, రామంతాపూర్, నాగోలు దారుల నడక జనాన్నీ కలుపుతుంది. దీని ఆకారానికి హేతువు కూడలిలోనే ఉంది. వాహనాలు నేలమీద తిరిగే చుట్టును పాదచారికి గాలిలో ఇచ్చారు. ఆ మేరకు ఇది చేప కంటే ఇ.సి.ఐ.ఎల్.కు దగ్గర. అయితే ఔచిత్యం పాదచారి కాళ్ళ దగ్గర పరీక్షకు నిలబడాలి. ఒక్క రోడ్డు దాటడానికి పైకెక్కి, చుట్టు తిరిగి, మళ్ళీ దిగాలి. లిఫ్టులు ఉన్నా, వరంగల్ బస్సు దిగి సంచితో నిలబడ్డ పెద్దావిడ సిగ్నల్ కోసం కిందనే ఎదురుచూడటం నేను తరచుగా చూస్తుంటాను.

నా విద్యార్థి దగ్గరున్న స్కైవాక్ చిత్రం డ్రోనుతో పైనుంచి తీసినది. వలయం అందులో ఎంతో అందంగా ఉంది. మెట్లు ఎక్కడ మొదలవుతాయో మాత్రం కనిపించలేదు.