మన విందుకి ఎవరెవరు?

మొన్నామధ్య ఓ శనివారం రాత్రి వెస్ట్‌మీడ్‌లో మా ఇంట్లో నాలుగు కుటుంబాలవాళ్ళం భోంచేశాం. పెరుగన్నాల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఆట మొదలెట్టారు. పోయిన మహానుభావుల్లో ఆరుగురిని భోజనానికి పిలవొచ్చంటే ఎవరిని పిలుస్తారు? కృష్ణదేవరాయలు, పెద్దన, తెనాలి రామకృష్ణుడు, శ్రీశ్రీ, ఘంటసాల, ఎన్టీఆర్. రెండు నిమిషాల్లో జాబితా తయారు. "వండేది మేమూ, తినేది వాళ్ళూనా? ఆడవాళ్ళెవరూ లేరేం?" అంది మా ఆవిడ. మొహమాటానికి మొల్లని చేర్చారు.

నిజానికి ఈ ఆట మనకి కొత్తేం కాదు. మనం దాన్ని భువనవిజయం అంటాం. ఉగాది వస్తే చాలు, తెలుగు సంఘాల వేదికల మీద డాక్టర్లూ, సాఫ్ట్‌వేరువాళ్ళూ తలపాగాలు చుట్టి అష్టదిగ్గజాలైపోతారు. నేనూ ఓసారి పింగళి సూరన వేషం కట్టాను. పద్యం మధ్యలో మీసం ఊడింది, అది వేరే కథ. తర్వాత చదువుకుంటే తెలిసింది: రాయలు పోయింది 1529లో. సూరన కళాపూర్ణోదయం అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకి. రామరాజభూషణుడి వసుచరిత్ర తిరుమలరాయలకి అంకితం. ఆ ఎనిమిదిమందీ ఒకే పంక్తిన కూర్చున్నారన్నది సందేహమే. అదీ ఎవరో ఊహించుకున్న విందే!

తారీఖులతో నాకు పేచీ లేదు. నా పేచీ అల్లా, ఆ సభలో ఎవరూ ఎవరితోనూ నిజంగా పోట్లాడరు. రాయలు సమస్య ఇస్తాడు, కవి పూరిస్తాడు, మనం చప్పట్లు కొడతాం. ఆ కవి ఎందుకు గొప్పవాడో తెలియకుండానే ఇంటికొచ్చేస్తాం.

నేనైతే ముగ్గురినే పిలుస్తాను. ముద్దుపళని, కందుకూరి వీరేశలింగం, బెంగుళూరు నాగరత్నమ్మ.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థాన కవయిత్రి. ఆవిడ రాధికాసాంత్వనంలోని శృంగారాన్ని పంతులుగారు తన కవుల చరిత్రలో ఈసడించారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన మనిషే! నాగరత్నమ్మ ఊరుకోలేదు. మూలం సంపాదించి, 1910లో పూర్తి పాఠం అచ్చువేయించి, పీఠికలో ఆయన్ని నిలదీసింది: సిగ్గు ఆడవాళ్ళకేనా, అంతకంటే పచ్చిగా రాసిన మగకవులకి అక్కర్లేదా అని. ఆ తర్వాత ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1940ల్లో ప్రకాశం పంతులుగారు పూనుకోవాల్సొచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు కష్టమనిపించింది. మా మేనత్తకి పదహారేళ్ళకే భర్త పోతే, మా తాతయ్య ఊరంతా కాదన్నా మళ్ళీ పెళ్ళి చేశాడు. ఆయన ధైర్యమల్లా గోడ మీదున్న వీరేశలింగంగారి పటమే. ఆ పటం ముందు నిలబడి నాగరత్నమ్మదే న్యాయం అనడానికి ఇప్పటికీ నాకు నోరు పెగలదు. కానీ ఆ పీఠిక చదివాక ఆవిడది తప్పనీ అనలేను. వితంతువుకి పెళ్ళి కావాలన్నాయనకి, ఆడది తన కోరికని తానే పద్యంలో చెప్పుకుంటే ఎందుకు మింగుడుపడలేదు? రాయల సభలో ఇలాంటి సమస్య ఎవరూ ఇవ్వరు.

ఇదంతా మా అమ్మాయికి సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పాను. "ఇంతకీ ఆ తాతగారు మంచివాడా, చెడ్డవాడా?" అంది. పంతులుగారినీ నాగరత్నమ్మనీ ఎదురెదురుగా కూర్చోబెడదాం, నువ్వే అడుగు అన్నాను. తను నాగరత్నమ్మ పక్కన కూర్చుంటానంది. పంతులుగారి పక్కన నేను కూర్చోవాలి కాబోలు.