తుమ్మపూడి చూపు, ఎడిసన్ పెరడు

అమెరికా తెలుగు కథ గురించి మనం సభల్లో చాలానే మాట్లాడుకున్నాం. డయాస్పోరా కథ అంటే ఏమిటి, దాని వస్తువు ఇక్కడిదా అక్కడిదా అనే చర్చ సదస్సు తర్వాత సదస్సుగా నడిచింది. అదే సభల సావనీర్లలో కథల పక్కనే అచ్చయ్యే చిన్న వ్యాసాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంట్లో పుస్తకాలు, పిల్లల కూచిపూడి క్లాసులు, శనివారం ఓక్‌ట్రీ రోడ్డు మీద కూరలు, వేసవిలో పెరటి తోట, వీటి మీద రాసే వ్యాసం. మొదటిసారి కలం పట్టినవాళ్ళు తరచు మొదలుపెట్టేది దీంతోనే. కనక దీన్ని కూడా సాహిత్యంగానే తూచి చూడాలని నా అభిప్రాయం. తూచితే కొంత తరుగు కనిపిస్తుంది. ఆ తరుగు ఎక్కడుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా ఎడిసన్ వైపు నుంచి వచ్చే తోట వ్యాసం నమూనా అందరికీ తెలిసిందే. మే నెలలో గోంగూర గింజలు చల్లుతారు. జూలైలో ఆకు కోస్తారు. కోస్తూండగా అమ్మ గుర్తుకొస్తుంది, అమ్మ వెనకే జాడీ, జాడీ వెనకే ఊరు. రెండో పేజీకల్లా రచయిత గుంటూరు జిల్లాలో ఉంటారు. ఆ తర్వాత ఎడిసన్ మళ్ళీ కనపడదు. ఇందులో అబద్ధమేమీ లేదు. గోంగూర చూస్తే అమ్మ గుర్తు రావడం సహజమే. చిక్కల్లా ఏమిటంటే, వ్యాసం పూర్తయ్యేసరికి గోంగూర గురించి మనకి ఒక్క ముక్క తెలియదు. ఎంత ఎత్తు పెరిగింది? పక్కన ఏం వేశారు? ఏ పురుగు పట్టింది? పూసిందా, లేదా? మొక్క జ్ఞాపకానికి మెట్టుగా పనికొచ్చింది గానీ, మొక్కగా ఎక్కడా కనపడలేదు. పుస్తకాల సంగతీ అంతే. అలమరలో ఉన్న పేర్లు వరసగా చెప్తారు. ఈ ఏడాది చదివిన పుస్తకం పేరు మాత్రం చెప్పరు.

నిజానికి ఈ దేశంలో గోంగూర నడిచే తీరు చాలా విచిత్రమైనది. గోంగూర పగటి పొద్దు చూసుకుని పూసే మొక్క. రకాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, పగలు సుమారు పన్నెండున్నర గంటలకి తగ్గితే గానీ మొగ్గ తొడగదు. గుంటూరు ప్రాంతం పదహారు డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ ఎంత పెద్ద పగలైనా పదమూడు గంటలు దాటి ఎక్కువ ఉండదు. ఎడిసన్ నలభై డిగ్రీలు దాటి ఉంది. ఇక్కడ జూన్‌లో పగలు పదిహేను గంటలు. అందుకనే ఇక్కడి గోంగూర వేసవంతా పూత మాట తలపెట్టకుండా ఆకు మీద ఆకు వేస్తూ మనిషెత్తు పెరుగుతుంది. సెప్టెంబరు మధ్యకి పొద్దు తగ్గి, మొగ్గ వచ్చి, పూవు విచ్చి, కాయ పడేసరికి అక్టోబరు మంచు వచ్చి మీద పడుతుంది. గింజ ముదరదు. మళ్ళీ ఏడు గింజలు ఎక్కడినుంచో తెప్పించుకోవాల్సిందే.

ఆకు అంత బలంగా రావడానికీ గింజ రాకపోవడానికీ కారణం ఒకటే. ఈ సంగతి మన పెరట్లో ఏటా మన కళ్ళముందే జరుగుతోంది. చూసే రచయిత దీన్ని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. ఇది దేనికి పోలికో విడమరచి చెప్పక్కర్లేదు, ఇక్కడ పిల్లల్ని పెంచిన ఏ పాఠకుడైనా తనంతట తానే తెలుసుకుంటాడు.

ఇలాంటి రచనకి కొలబద్ద మన భాషలోనే ఉంది. సూర్యదేవర సంజీవదేవ్ (1914–1999) గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో ఉండి రాశారు. కథకుడు కారు, నవలాకారుడు కారు. వ్యాసాలు, ఉత్తరాలు, స్వీయచరిత్ర, కళావిమర్శ ఆయన సొత్తు. నీటి రంగుల్లో బొమ్మలూ వేశారు. స్వీయచరిత్ర ‘తెగిన జ్ఞాపకాలు’, ‘స్మృతిబింబాలు’, ‘గతంలోకి’ అని మూడు భాగాలుగా వచ్చింది. తర్వాత మూడూ కలిపి ‘తుమ్మపూడి’ అన్న పేరుతో ఒకే సంపుటం అయ్యాయి. ఆ పేరు గమనించదగ్గది. యవ్వనంలో హిమాలయాలు తిరిగిన మనిషి ఆయన. రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్‌ని కులూ లోయలో ఆయన నివాసంలోనే కలుసుకున్నారు. అంతటి మనిషి జీవితకథకి చివరికి మిగిలింది మంచుకొండ పేరు కాదు, కృష్ణా కాలవ పారే పల్లపు ఊరి పేరు.

ఎడిసన్‌లో ఉన్న మనకి ఈ విషయం చేతికందే దూరంలోనే ఉంది. న్యూయార్కులో వెస్ట్ 107వ వీధిలో 1949 నుంచీ రోరిక్ మ్యూజియం ఉంది. రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి, సబ్‌వే పట్టుకుంటే పూట పని. ఆ గదుల్లో నీలంగా, ఊదాగా నిలబడ్డ హిమాలయ శిఖరాలు చూసి, ఇంటికొచ్చి ‘తుమ్మపూడి’ తెరిస్తే ఒక ప్రశ్న వేధిస్తుంది. ఇంత చూసినవాడు పసుపు కొమ్ములు అమ్మే దుగ్గిరాల సంత పక్కన ఊళ్ళో, ఎత్తైనదంటూ ఏదీ లేని నేల మీద, మిగిలిన జీవితమంతా ఏం చూస్తూ గడిపాడు?

జవాబు ఆయన పేజీల్లోనే ఉంది. ఆ పూట మబ్బు, సాయంత్రపు వెలుతురు, చెట్టు మీద పడ్డ నీడ, చదువుతున్న పుస్తకం, వచ్చిన అతిథి. కొండల్లో నేర్చుకున్న చూపుని ఆయన ఊరికి తెచ్చుకుని అక్కడే వాడుకున్నారు. తుమ్మపూడిలో కూచుని హిమాలయాల కోసం బెంగ పెట్టుకోలేదు. మన తోట వ్యాసం సరిగ్గా ఇక్కడే తిరగబడుతుంది. మనం ఎడిసన్ పెరట్లో నిలబడి తుమ్మపూడిని చూస్తాం. ఆయన తుమ్మపూడిలో నిలబడి తుమ్మపూడినే చూశారు.

రెండో సంగతి ఉత్తరాలు. సంజీవదేవ్ గొప్ప వచనంలో చాలా భాగం ఉత్తరాల్లో ఉంది. అవి సంపుటాలుగా కూడా వచ్చాయి. ఉత్తరానికి ఉన్న లాభం ఏమిటంటే అది ఒక మనిషికి రాసేది. ఆ మనిషికి మన ఊరి వాన తెలియదు, చెప్పాలి. మనం చదివిన పుస్తకం వాళ్ళు చదవలేదు, వివరించాలి. దినచర్య సాహిత్యం కావడానికి ఇంతకంటే పెద్ద రహస్యం లేదనుకుంటాను. సావనీరు వ్యాసం ‘ప్రవాసాంధ్రులందరికీ’ అని రాస్తాం కనక, అందరికీ ముందే తెలిసిన మాటలే అందులోకి వస్తాయి. మేడిసన్ నుంచి నిడదవోలు మాలతి గారు ‘ఊసుపోక’ పేరుతో రాసిన వ్యాసాలు హాయిగా చదివించడానికి కారణం కూడా, ఎదురుగా కూచున్న ఒక్కరితో కబుర్లాడుతున్నట్టుండే ఆ ధోరణే.

అలాగని సంజీవదేవ్‌లో లోటు లేదని కాదు. రసం, రూపం, చైతన్యం అనే పెద్ద మాటలు ఆయన వాక్యాల్లో ఒకదాన్నొకటి తరుముతూ ఉంటాయి. ఒక్కోసారి పేజీ గడిచినా కాలు నేలకి ఆనదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. ఆయన వచనంలో చెట్టు కనిపించినంత బాగా, దానికి నీళ్ళు పోసిన చెయ్యి కనపడదు. పచ్చటి చేను కనిపిస్తుంది, ఊడ్చినవాళ్ళు కనిపించేది తక్కువ. అది తీరికగల చూపు. ఆ తీరిక వెనక ఇంకెవరిదో పని ఉంటుంది. ఇవాళ చదివే పాఠకుడు ఈ ప్రశ్న వేయకుండా ముందుకు పోలేడు.

ఇక్కడే ఎడిసన్ రచయితకి ఒక వీలుంది. ఈ పెరట్లో తవ్వేదీ, పోసేదీ, కోసేదీ రాసే మనిషే. ఇక్కడ చాలాచోట్ల నేల ఎర్ర బంకమట్టి, వానకి జిగురు, ఎండకి ఇటుక. దాన్ని కంపోస్టుతో లొంగదీయడానికి మూడేళ్ళు పడుతుంది. జింకలు బీరపాదు రుచి మరిగితే కంచె ఎత్తు పెంచుకోవాలి. అక్టోబరు రాగానే కరివేపాకు కుండీ, మల్లె కుండీ నడుం పట్టుకుపోయేలా ఇంట్లోకి మొయ్యాలి. పక్క ఊళ్ళోనే రట్గర్స్ వాళ్ళు మట్టి పరీక్ష చేసిపెడతారు. 1934లో వాళ్ళు విడుదల చేసిన టమాటా ఇవాళ్టికీ నారు దొరుకుతుంది. అది పప్పులోకి ఎలా ఉంటుందో తెలుగులో ఒక మంచి పేరా నాకింకా కనపడలేదు. చేతి పని తెలిసిన ఈ వచనం సంజీవదేవ్ రాయనిది, మనం రాయగలిగింది.

ఈ ఊరి పేరులోనే ఒక పాఠం ఉంది. రారిటన్ టౌన్‌షిప్ 1954లో ఎడిసన్ అయింది, ఇక్కడి మెన్లో పార్కులో 1876లో ప్రయోగశాల పెట్టిన మనిషి పేరు మీద. దీపంలో తీగ కోసం ఆయన దారం కాల్చి చూశాడు, కాగితం కాల్చి చూశాడు, 1880లో వెదురు దగ్గరికి వచ్చాడు. పనికిరానివి కూడా నోటు పుస్తకాల్లోకి ఎక్కించారు. ఆయన కాగితాలు మొత్తం సుమారు 50 లక్షల పేజీలని లెక్క. ఈ ఏడు ఏ గింజ ఏ తారీఖున వేశామో, ఏది చచ్చిపోయిందో రాసుకునే అలవాటుకి ఈ ఊళ్ళో ఇంతకన్నా పెద్ద ఆనవాయితీ ఏం కావాలి?

ఇదంతా ఇప్పుడెందుకంటే, సమయం తక్కువగా ఉంది. ఎడిసన్‌లో మొదట ఇళ్ళు కొనుక్కున్న తరం ఇప్పుడు వాటిని అమ్ముకుంటోంది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు, పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉంటారు. ఇల్లు మారిన ఏడాదికే తోట గడ్డి అవుతుంది. బేస్‌మెంటులో తెలుగు పుస్తకాల పెట్టెలు ఎవరికివ్వాలో తెలియక ఫోన్లు చేస్తారు. తోటా ఉండదు, అలమరా ఉండదు. ఆ మనుషులు ఇక్కడ ఎలా బతికారో చెప్పేది ఏదైనా మిగిలితే, అది ఆ చిన్న వ్యాసమే. అందులో కూడా ఎడిసన్ లేకపోతే, ముప్ఫై నలభై ఏళ్ళు ఇక్కడ గడిపినట్టు తెలుగులో రుజువే ఉండదు. తెలుగు చదవలేని మనవడికి ఎవరో ఒకరు అనువదించి వినిపించే రోజు వస్తే, వాడికి కావలసింది మనం వదిలి వచ్చిన ఊరొక్కటే కాదు. వాళ్ళమ్మమ్మ ఏ కంచె కట్టింది, ఏ పుస్తకం మీద ఎవరితో పోట్లాడింది అన్నది కూడా వాడికి కావాలి.

కనక వచ్చే సంచికకి తోట మీద రాయబోయే మిత్రులకి నా మనవి. అమ్మని తలుచుకోండి, తప్పులేదు. ముందు మాత్రం మొక్క ఎంత ఎత్తుందో చెప్పండి. తారీఖు వేయండి. ఈ ఏడు చదివిన పుస్తకం పేరు రాయండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో కూడా. ఎవరైనా ఒక్కరిని మనసులో పెట్టుకుని వాళ్ళకి రాయండి. ఊరు దానంతటదే వస్తుంది, పిలవక్కర్లేదు.