సార్వత్రిక ఆరోగ్య సంరక్షణ నివేదిక (2011): విమర్శనాత్మక పరిశీలన

ఏ విధాన నివేదికను చదివినా మీరు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఏం చేయమంటోంది? ఆ పని ఎవరిచేత, ఎలా చేయించాలంటోంది? మొదటి ప్రశ్నకు స్పష్టమైన జవాబిచ్చి, రెండోదాని దగ్గర బలహీనపడిన నివేదికను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1. నేపథ్యం

డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదివారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో హృద్రోగ విభాగాధిపతిగా పనిచేశారు. 2006లో ఏర్పడిన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షులయ్యారు. 2010లో ప్రణాళికా సంఘం సార్వత్రిక ఆరోగ్య సంరక్షణపై ఉన్నత స్థాయి నిపుణుల బృందాన్ని ఆయన అధ్యక్షతన నియమించింది. మరుసటి ఏడాది బృందం నివేదిక సమర్పించింది.

2. నివేదిక వాదన

వైద్యానికి డబ్బు ప్రధానంగా పన్నుల నుంచే రావాలి. చికిత్స పొందేచోట రోగి దగ్గర రుసుము తీసుకోకూడదు. ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం 12వ పంచవర్ష ప్రణాళిక ముగిసేనాటికి, అంటే 2017కు, జీడీపీలో 2.5 శాతానికి, 2022కు కనీసం 3 శాతానికి చేరాలి. ఆరోగ్య వ్యయంలో కనీసం 70 శాతం ప్రాథమిక వైద్యానికి వెళ్లాలి. ప్రభుత్వం తరఫున సేవలు కొనే పని బీమా కంపెనీలకు అప్పగించకూడదు. గ్రామీణ, గిరిజన ప్రాంతాల్లో వెయ్యి జనాభాకు ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలు ఉండాలి. ప్రత్యేక ప్రజారోగ్య కేడర్ ఏర్పడాలి. గుండె వైద్యుడి అధ్యక్షతన పనిచేసిన బృందం పెద్ద ఆపరేషన్ల కంటే ముందు ప్రాథమిక వైద్యాన్ని నిలబెట్టమనడం గమనించదగ్గ విషయం.

3. విశాఖపట్నం చెప్పిన పాఠం

పదేళ్ల తర్వాత కోవిడ్ ఈ వాదనను పరీక్షించింది. 2021 ఏప్రిల్‌లో దేశమంతా ఆక్సిజన్ కోసం అల్లాడింది. ఉక్కు తయారీకి ఆక్సిజన్ కావాలి కాబట్టి విశాఖ ఉక్కు కర్మాగారంలో దాన్ని తయారుచేసే ప్లాంట్లు ముందే ఉన్నాయి. ఏప్రిల్ 19న ముంబై దగ్గరి కలంబోలి నుంచి 7 ఖాళీ ట్యాంకర్లతో రైలు బయలుదేరింది. అది విశాఖ చేరేసరికి 22 వచ్చింది. ఆ రాత్రే నిండిన ట్యాంకర్లతో తిరిగి మహారాష్ట్రకు వెళ్లింది. ఇది తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్. రైల్వే, కర్మాగార సిబ్బంది శ్రమ మెచ్చదగినదే. కానీ సరుకు ఒకచోట, రోగి మరోచోట ఉన్నప్పుడు గడిచిన ఆ రోజుల విలువ ఎంతో ఆలోచించండి. ట్యాంకర్లు, ఆసుపత్రిలో పైపులైన్లు, పడక దగ్గర నర్సు, వీటన్నిటినీ ముందే లెక్కవేసే యంత్రాంగం ఉండాలి. నివేదిక ప్రజారోగ్య కేడర్ కోరింది ఇలాంటి ముందుచూపు కోసమే.

అయితే ఈ ఉదాహరణ నివేదికను పూర్తిగా సమర్థించదు. ఆక్సిజన్ కొరత ఆసుపత్రి స్థాయి సమస్య. ప్రాథమిక కేంద్రం ఎంత బాగున్నా అది ఒక్కటే దాన్ని తీర్చలేదు. జిల్లా ఆసుపత్రులను బలపరచాలని నివేదిక చెప్పింది నిజమే గాని, 70 శాతం లెక్క మామూలు రోజులకు సరిపోయే లెక్క. అవసరం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగే రోజులకు వేరే లెక్క కావాలి.

4. పరిమితులు

మొదటిది రాజ్యాంగపరమైనది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. కేంద్రం నియమించిన బృందం శాతాలు చెప్పగలదు గాని రాష్ట్రాలచేత ఖర్చు పెట్టించలేదు. ఫలితం చూడండి: 2017కు చేరాల్సిన అదే 2.5 శాతాన్ని 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటి లక్ష్యంగా మళ్లీ రాసుకుంది.

రెండోది రాజకీయమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సల ఖర్చు భరించే పథకం. ప్రజారోగ్య నిపుణులు దాన్ని ఎంత విమర్శించినా, ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ దాన్ని వదులుకోలేదు. కారణం మీకు తెలిసిందే. ఇంట్లో ఒకరికి గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మాలో, వడ్డీకి తేవాలో అన్న భయాన్ని అది తగ్గించింది. ఆపరేషన్ చేయించుకున్న మనిషి కళ్లెదుట ఉంటాడు. రాకుండా ఆపిన జబ్బుకు లబ్ధిదారుడంటూ ఎవరూ కనిపించరు. నివేదిక ఈ భయాన్ని గుర్తించింది గాని, కనిపించని మేలుకు ఓటరు మద్దతు ఎలా కూడగట్టాలో చెప్పలేదు.

5. అంచనా

గాజువాకలో ఒక కాంట్రాక్టు కార్మికుడికి జ్వరం వచ్చిందనుకోండి. ఆసుపత్రిలో చేరాక కార్డు ఆదుకోవచ్చు. అంతకుముందే పరీక్ష చేయడం, ఇంట్లోవారిని, తోటివారిని కాపాడడం, పోయిన కూలికి ఆసరా చూపడం కార్డు చేసే పనులు కావు. మహమ్మారి అదుపు ఆధారపడేది ఈ పనుల మీదే. ఆ మేరకు నివేదిక చూపిన దారి సరైనది. కార్డును తప్పుపట్టి ఊరుకోకుండా, కార్డు ఇచ్చిన ధైర్యాన్ని వీధిలోని ఆరోగ్య కేంద్రం కూడా ఇవ్వగలిగినప్పుడే ఆ దారి నడవదగినది అవుతుంది.

ఆలోచించండి: మీ ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఒకసారి చూసి రండి. జ్వరం వస్తే మీ వీధివారు ముందు అక్కడికి వెళతారా? వెళ్లకపోతే కారణం డబ్బా, దూరమా, నమ్మకమా? మీ జవాబును నివేదిక సిఫార్సులతో పోల్చి ఒక పుటలో రాయండి.